భవనాల ఇంధన పొదుపు కోడ్: జీవో నుంచి సైటు దాకా అమలు చేయడం ఎలా?

"ఈసీబీసీ అమలు చేయమన్నారు సార్, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని మున్సిపల్ ఇంజినీర్లు అడుగుతారు. కొత్తగా ప్రాక్టీస్ పెట్టిన ఆర్కిటెక్టులు అడుగుతారు, ఈ మధ్య బిల్డర్లు కూడా అడుగుతున్నారు. ఈసీబీసీ అంటే ఎనర్జీ కన్జర్వేషన్ బిల్డింగ్ కోడ్, భవనాలు కరెంటు తక్కువ వాడేలా కట్టించే కోడ్. కోడ్ పుస్తకం లేక కాదు, పీడీఎఫ్ అందరి ఫోన్లలోనూ ఉంది. ఏది ముందు చేయాలి, ఏది తర్వాత, ఎక్కడ ఎవరు సంతకం పెట్టాలి అన్నదే ఎవరూ వరసగా చెప్పరు. అందుకే ఇది రాస్తున్నా.

అసలు విషయం ముందే చెప్పేస్తా. కోడ్ రాసేది ఢిల్లీలో, నోటిఫై చేసేది రాష్ట్రం, కట్టడాన్ని ఆపగలిగేది మాత్రం మున్సిపాలిటీ. బిల్డర్ మున్సిపల్ ఆఫీసు మెట్లు తప్పనిసరిగా ఎక్కాల్సిన సందర్భాలు రెండే: ఒకటి ప్లాన్ అనుమతి, రెండు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే మనం ఓసీ అనేది. ఈ రెండు కాగితాలకూ కోడ్‌ను ముడిపెడితే అమలవుతుంది, పెట్టకపోతే వర్క్‌షాపుల్లో పవర్‌పాయింట్‌గా ఉండిపోతుంది. కింద చెప్పే పనులన్నీ ఆ రెండు గేట్ల కోసమే.

## 1. ఏ కోడ్, ఏ ఎడిషన్, ఏ భవనం?

మూల చట్టం ఇంధన పొదుపు చట్టం, 2001. కేంద్రంలో దీని పని చూసేది బీఈఈ, అంటే బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ. ఆఫీసులు, హోటళ్లు, ఆసుపత్రులు, మాల్స్ లాంటి వాటికి ఈసీబీసీ ఉంది, మొదటిది 2007లో, సవరించింది 2017లో. ఇళ్లకు 2018లో ఎకో నివాస్ సంహిత వచ్చింది. 2022 సవరణ చట్టం 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాక నివాస భవనాలు కూడా చట్టం పరిధిలోకి చేరాయి. 2024లో రెండు కోడ్‌లకూ కొత్త ఎడిషన్లు వచ్చాయి.

చాలామంది ఇక్కడే తడబడతారు. ఢిల్లీలో కొత్త పుస్తకం విడుదలైందని విని దాని అంకెలతో బిల్డర్‌కి నోటీసు ఇస్తారు. అతని లాయరు అడిగే మొదటి ప్రశ్న "మన రాష్ట్రంలో ఏ ఎడిషన్ నోటిఫై అయింది?" అనే. దానికి జవాబు లేకపోతే నోటీసు అక్కడితో సరి. ఈ వ్యాసంలో నేను వాడే అంకెలు ఈసీబీసీ 2017వి, ఇళ్ల విషయంలో ఎకో నివాస్ సంహిత 2018వి. మీ జీవోలో వేరే ఎడిషన్ ఉంటే దాన్నే పట్టుకోండి.

కేంద్ర చట్టం ప్రకారం 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడ్ (బిగించిన పరికరాలన్నిటి మొత్తం లోడ్) గానీ, 120 కేవీఏ కాంట్రాక్ట్ డిమాండ్ (డిస్కంతో ఒప్పుకున్న గరిష్ఠ వాడకం) గానీ ఉంటే ఆ భవనం పరిధిలోకి వస్తుంది. రాష్ట్రం కావాలనుకుంటే ఈ హద్దును ఇంకా కిందకు దించవచ్చు.

పని మొదలుపెట్టే ముందు టేబుల్ మీద ఉండాల్సినవి:

- మీ రాష్ట్ర ఇంధన శాఖ నోటిఫికేషన్ కాపీ
- మున్సిపల్ శాఖ జీవో కాపీ (రెండూ వేర్వేరు, ఒకటుంటే సరిపోదు)
- ప్రస్తుతం అమల్లో ఉన్న భవన నిర్మాణ నియమాలు
- రాష్ట్రంలో ఈ చట్టం పని చూసే అధీకృత సంస్థలో బాధ్యుడైన అధికారి పేరు, నంబరు

## 2. కిలోవాట్లను చదరపు మీటర్లలోకి మార్చండి

ప్లాన్ దాఖలు చేసే రోజున కనెక్టెడ్ లోడ్ ఎంతో ఎవరికి తెలుసు? కరెంటు కనెక్షన్‌కి డిస్కం దగ్గరకు వెళ్లేది ఎప్పుడో స్లాబులన్నీ పడ్డాక. టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ఉన్న మనిషికి కనపడేది స్థలం విస్తీర్ణం, బిల్టప్ ఏరియా, వాడకం, ఈ మూడే. హద్దును కిలోవాట్లలోనే వదిలేస్తే ప్రతి బిల్డరూ "మాది 95 కిలోవాట్లే సార్" అంటాడు, కాదని చెప్పడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2014లో తెచ్చిన నిబంధనలు ఈ చిక్కును బాగానే విప్పాయి. స్థలం 1000 చదరపు మీటర్లు గానీ, బిల్టప్ ఏరియా 2000 చదరపు మీటర్లు గానీ దాటిన వాణిజ్య భవనాలకు కోడ్ వర్తిస్తుందన్నారు. మల్టీప్లెక్సులు, ఆసుపత్రులు, హోటళ్లు, కన్వెన్షన్ సెంటర్లయితే విస్తీర్ణంతో పనిలేదన్నారు. కౌంటర్‌లో కూర్చున్న ఉద్యోగి ఒక్క నిమిషంలో అవునో కాదో చెప్పగలడు. మీ రాష్ట్రం నిబంధన రాసేటప్పుడు కూడా ఇలాగే రాయించండి, కిలోవాట్ల హద్దును పక్కన అదనంగా ఉంచండి.

## 3. స్థానికంగా ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు

వాతావరణానికి తగ్గట్టు కోడ్‌ను సవరించుకునే అధికారం చట్టమే రాష్ట్రానికి ఇచ్చింది. దేశాన్ని ఐదు వాతావరణ మండలాలుగా విభజించారు: వేడి-పొడి, వేడి-తేమ, మిశ్రమ, సమశీతోష్ణ, శీతల. హైదరాబాద్ మిశ్రమ మండలంలో ఉంది. విశాఖ, విజయవాడ వేడి-తేమలో. హైదరాబాద్‌లో పాసైన డ్రాయింగ్‌ను తీసుకొచ్చి విజయవాడలో పెడితే, ముఖ్యంగా ఇళ్ల విషయంలో, కిటికీల దగ్గరే తేలిపోతుంది. అది ఎలాగో 9వ భాగంలో చెప్తాను.

మార్చవలసినవి: హద్దులు, దరఖాస్తు ఫారాలు, ఎవరు తనిఖీ చేయాలి, ఫీజు ఎంత, గడువు ఎంత, స్థానికంగా దొరికే సామగ్రి పట్టిక.

ముట్టుకోకూడనివి: సాంకేతిక అంకెలు. కమిటీ వేశారంటే చాలు, ఒకరు గాజు సడలించమంటారు, ఇంకొకరు పైకప్పు సడలించమంటారు, చివరికి చేతిలో మిగిలేది ఖాళీ అట్ట. అంత ఒత్తిడి ఉంటే అంకెలు తగ్గించడం కంటే పెద్ద భవనాలకు ముందు, చిన్నవాటికి ఏడాది తర్వాత అని దశలు పెట్టడం మేలు. దశలు గడిచిపోతాయి. తగ్గించిన అంకెను మళ్లీ పెంచడం మాత్రం ఎవరి తరమూ కాదు.

## 4. నియమావళిలోకి ఎక్కించడం

ఇంధన శాఖ నోటిఫికేషన్ ఒక్కటే ఉంటే టౌన్ ప్లానింగ్ వాళ్లు "ఇది మా శాఖది కాదు" అంటారు, అది నిజం కూడా. కాబట్టి మున్సిపల్ శాఖ తన భవన నిర్మాణ నియమాల్లో సవరణ తేవాలి. అందులో కనీసం ఈ వాక్యాలు ఉండాలి:

- ఫలానా హద్దు దాటిన భవనానికి, డిజైన్ దశ అనుగుణ్యత ధ్రువపత్రం లేనిదే ప్లాన్ అనుమతి ఇవ్వరు
- నిర్మాణ దశ ధ్రువపత్రం లేనిదే ఓసీ ఇవ్వరు
- ధ్రువపత్రం ఇచ్చేదెవరు, అతన్ని నియమించేదెవరు, తప్పు చేస్తే తొలగించేదెవరు
- మధ్యలో డిజైన్ మారితే మళ్లీ ఏం దాఖలు చేయాలి

చివరి వాక్యాన్ని చాలా జీవోల్లో మర్చిపోతారు, గొడవలన్నీ అక్కడే వస్తాయి. పర్మిషన్‌కి చూపించిన గాజు ఒకటి, పెట్టింది ఇంకొకటి. అడిగితే "రేటు పెరిగింది సార్" అంటారు. మార్పుకి దారి ఉండాలి, కానీ ఆ దారి కొత్త లెక్కతో సహా అసెసర్, అంటే లెక్క చూసి ధ్రువపత్రం ఇచ్చే నిపుణుడి టేబుల్ మీదుగానే వెళ్లాలి.

జరిమానా మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. 2022 సవరణ తర్వాత ₹10 లక్షల దాకా జరిమానా వేయవచ్చు గానీ, అది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నియమించే విచారణ అధికారి దాకా వెళ్లే వ్యవహారం, ఒక్కో కేసూ తెగేసరికి భవనంలో అద్దెకున్నవాళ్లు కూడా మారిపోతారు. ఓసీ ఆపితే బ్యాంకు లోను చివరి విడత ఆగుతుంది, కొన్నవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు. బిల్డర్ పరుగున వచ్చేది దానికే.

## 5. ముందు మనుషులను తయారు చేసుకోండి

మున్సిపాలిటీలో ఉన్న సిబ్బందే సెట్‌బ్యాకులు, ఫైర్ ఎన్‌ఓసీ, పార్కింగ్ చూడలేక సతమతమవుతుంటే, వాళ్లకే గాజు ఎస్‌హెచ్‌జీసీ (ఎండ వేడిని గాజు ఎంత లోపలికి రానిస్తుందో చెప్పే అంకె) కూడా చూడమనడం అన్యాయం. పైగా గడువుల ఒత్తిడి ఒకటి. తెలంగాణలో టీఎస్-బీపాస్ అనే భవన అనుమతుల చట్టం వచ్చాక పెద్ద భవనాలకు కూడా 21 రోజుల్లో అనుమతి తేల్చాలి. అంత తక్కువ టైంలో ఆఫీసులో కూర్చుని ఎనర్జీ లెక్కలు చూడటం కుదిరే పని కాదు, దరఖాస్తు వచ్చేసరికే ఆ పని అయిపోయి ఉండాలి.

అందుకే థర్డ్ పార్టీ అసెసర్ పద్ధతి. హైదరాబాద్‌లో నడిచింది కూడా ఇదే దారి. శిక్షణ పొంది, పరీక్ష పాసై, ప్రభుత్వ జాబితాలో చేరిన నిపుణుడు డిజైన్ చూసి ధ్రువపత్రం ఇస్తాడు, మున్సిపాలిటీ ఆ పత్రం ఉందో లేదో చూస్తుంది. బానే ఉంది గానీ, అసెసర్‌కి ఫీజు ఇచ్చేది బిల్డరే. ఆ ఒక్క కారణానికి కాపలా పెట్టకపోతే సర్టిఫికెట్లు జిరాక్స్ షాపులో దొరికే స్థాయికి వస్తాయి.

కాపలా ఇలా పెట్టండి:

- ఒక ప్రాజెక్టుకి డిజైన్ సలహా ఇచ్చినవాళ్లు దానికే అసెసర్‌గా ఉండకూడదు. వాళ్ల పార్ట్‌నర్ సంస్థ కూడా
- బిల్డర్ తనకు నచ్చినవాణ్ని ఎంచుకునే బదులు, ఆన్‌లైన్ సిస్టమే జాబితాలోంచి ఒకరిని కేటాయించాలి
- ఇచ్చిన ధ్రువపత్రాల్లో కొన్నిటిని అధీకృత సంస్థ చెప్పకుండా ఎంచుకుని, పూర్తిగా తిరిగి లెక్కకట్టాలి
- తప్పు దొరికితే మొదటిసారి సస్పెన్షన్, రెండోసారి జాబితాలోంచి తీసివేత. ఇది జీవోలోనే రాసి ఉండాలి

శిక్షణ విషయంలో ఒక మాట. రోజంతా స్లైడులు చూపించి సర్టిఫికెట్ చేతిలో పెట్టే ట్రైనింగ్ వల్ల ఒరిగేది లేదు. ఊళ్లో కట్టిన ఒక నిజమైన భవనం డ్రాయింగులు ఇచ్చి, "ఇది పాసా ఫెయిలా, ఎందుకు?" అని రాయించండి.

## 6. డిజైన్ దశ: లెక్క ఎలా చూడాలి

కోడ్‌కి అనుగుణంగా ఉన్నట్టు చూపించడానికి దారులు రెండు. ఒకటి, ప్రతి భాగానికీ కోడ్ చెప్పిన అంకెను విడివిడిగా పాటించడం. రెండోది, మొత్తం భవనాన్ని సాఫ్ట్‌వేర్‌లో రెండుసార్లు కట్టి చూపించడం: ఒకటి కోడ్ ప్రకారం ఉండే ప్రామాణిక భవనం, రెండోది మీరు కట్టబోయేది. మీదాని వాడకం ప్రామాణిక భవనాన్ని మించకూడదు. ఏ దారిలో వెళ్లినా తప్పనిసరి నిబంధనలకు మినహాయింపు లేదు. మొదటి దారిలో గోడలు, కిటికీలు, పైకప్పు మధ్య ఎక్కువ తక్కువలు సర్దుకునే వెసులుబాటు కూడా ఉంది.

మామూలు ఆఫీసు, స్కూలు లాంటివాటికి మొదటి దారే తేలిక. గాజు ముఖభాగం ఎక్కువ కావాలని పట్టుబట్టే క్లయింటుకి రెండోది తప్పదు, ఎందుకంటే మొదటి దారిలో కిటికీల వాటా గోడలో 40% దాటకూడదు.

ఇప్పుడు ఒక పైకప్పు లెక్క చూద్దాం. యూ విలువ అంటే, లోపలికీ బయటకీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు గుండా ఎన్ని వాట్ల వేడి దాటుతుందో చెప్పే అంకె. ఎంత తక్కువైతే అంత మంచిది. చాలా రకాల భవనాలకు పైకప్పు యూ విలువ 0.33 దాటకూడదు.

ఒక్కో పొర మందాన్ని మీటర్లలో తీసుకుని, ఆ పదార్థం ఉష్ణవాహకతతో భాగిస్తే ఆ పొర నిరోధం వస్తుంది. అన్నీ కలిపి, ఒకటిని ఆ మొత్తంతో భాగిస్తే యూ విలువ.

- లోపలి, బయటి గాలి పొరలు: 0.17 + 0.04 = 0.21
- 150 మి.మీ. ఆర్‌సీసీ స్లాబ్: 0.15 ÷ 1.58 = 0.095
- కింద 15 మి.మీ. ప్లాస్టరింగ్: 0.015 ÷ 0.72 = 0.021
- పైన 50 మి.మీ. సిమెంటు స్క్రీడ్: 0.05 ÷ 0.72 = 0.07

మొత్తం 0.396. అంటే ఇన్సులేషన్ లేని స్లాబ్ యూ విలువ దాదాపు 2.5, కావలసినదానికి ఏడు రెట్లకు పైనే. ఇప్పుడు ఉష్ణవాహకత 0.030 ఉన్న ఎక్స్‌పీఎస్ (గట్టి నురుగు ఇన్సులేషన్) షీటు వేద్దాం. 50 మి.మీ. వేస్తే 0.48 వస్తుంది. 75 వేస్తే 0.345. 80 వేస్తే 0.327.

చూశారా, 75 దగ్గర ఫెయిల్, 80 దగ్గర పాస్. సైటులో జరిగేదేమిటంటే, డ్రాయింగులో 80 ఉంటుంది, కాంట్రాక్టర్ 50, 25 షీట్లు ఒకదాని మీద ఒకటి వేసి "ఐదు మిల్లీమీటర్లకి ఏముంది సార్" అంటాడు. ఇంకో రకం, ఎక్స్‌పీఎస్ బదులు అదే మందం థర్మోకోల్. దాని ఉష్ణవాహకత సుమారు 0.036 అనుకున్నా 80 మి.మీ.కి యూ విలువ 0.38కి పోతుంది. ఏది వేశారో స్క్రీడ్ పడ్డాక ఎవరికీ తెలియదు.

పైకప్పుకి ఇంకో షరతు కూడా ఉంది. వాలు 20 డిగ్రీల కంటే తక్కువ ఉంటే ఉపరితలం సూర్యకాంతిలో కనీసం 0.60 వంతు వెనక్కి కొట్టాలి, ఉద్గారత (పట్టిన వేడిని తిరిగి బయటికి వదిలే గుణం) 0.90 ఉండాలి. మనం చలువ పైకప్పు అంటున్నది ఇదే. ఇన్సులేషన్ వేశాం కదా అని దీన్ని వదిలేయకండి, దేని పని దానిదే.

గాజు దగ్గరకొస్తే, మన మండలాల్లో ఉత్తరం తప్ప మిగతా దిక్కులకు ఎస్‌హెచ్‌జీసీ 0.27 మించకూడదు. అంటే గాజు మీద పడే ఎండ వేడిలో నూటికి ఇరవైఏడు వంతులకు మించి లోపలికి రాకూడదు. ఖరీదైన గాజే కొనాలా అంటే అక్కర్లేదు, సజ్జలు వేసుకోండి. కిటికీ ఎత్తు 1.5 మీటర్లు, దాని పైఅంచున 60 సెం.మీ. సజ్జ ఉంటే ప్రొజెక్షన్ ఫ్యాక్టర్ (సజ్జ పొడవును కిటికీ ఎత్తుతో భాగిస్తే వచ్చేది) 0.4 అవుతుంది, దాన్ని బట్టి గాజు నిబంధనలో సడలింపు దొరుకుతుంది. మన తాతలు ఇళ్లకి ఊరికే వేయలేదు వాటిని. ఎలివేషన్ నున్నగా ఉండాలని సజ్జలు తీసేసి, తర్వాత గాజు రేటు చూసి టెన్షన్ పడటం చూస్తే ఒక్కోసారి నవ్వొస్తుంది.

లైటింగ్ చాలా తేలిక. ఆఫీసుకి చదరపు మీటరుకి 9.5 వాట్లు. వెయ్యి చదరపు మీటర్లుంటే 9,500 వాట్లు. ఎలక్ట్రికల్ డ్రాయింగులో ఫిట్టింగులు లెక్కపెట్టి వాట్లతో గుణిస్తే సరి. ఎల్‌ఈడీలు వచ్చాక ఇక్కడ ఫెయిలయ్యేవాళ్లు తక్కువ.

సాఫ్ట్‌వేర్ రిపోర్టు వస్తే చివరి పేజీలో అంకె చూసి ఊరుకోకండి. ఇన్‌పుట్ షీటు అడగండి, అందులో ఇవి చూడండి:

- రెండు నమూనాల్లోనూ పని గంటలు, మనుషుల సంఖ్య, ఏసీ సెట్ పాయింట్ ఒకటేనా
- వాతావరణ ఫైలు మీ ఊరిదేనా
- గాజు, ఇన్సులేషన్ విలువలు జత చేసిన టెస్ట్ సర్టిఫికెట్‌తో సరిపోతున్నాయా
- డ్రాయింగులో కిటికీ కొలతలు, సాఫ్ట్‌వేర్‌లో కొలతలు ఒకటేనా

నాలుగోది చాలాసార్లు తేడా వస్తుంది. ఆర్కిటెక్ట్ ఎలివేషన్ మార్చేసి ఉంటాడు, సిమ్యులేషన్ చేసినవాడికి పాత ఫైలే వెళ్లి ఉంటుంది.

## 7. సైటు దశ: కప్పేసేలోపే చూడాలి

నన్నడిగితే మొత్తం వ్యవహారంలో బలహీనమైన చోటు ఇదే. ఇన్సులేషన్ స్క్రీడ్ కిందకి పోతుంది, పైపుల మీది లాగింగ్ (చుట్టిన ఇన్సులేషన్) ఫాల్స్ సీలింగ్ పైకి పోతుంది, గాజు మీది స్టిక్కర్ గృహప్రవేశానికి ముందే గీకేస్తారు. ఓసీ రోజున వెళ్లి చూస్తే కనపడేది రంగు మాత్రమే.

కాబట్టి అసెసర్ సైటుకి వెళ్లే రోజులు క్యాలెండర్‌తో కాకుండా పని దశతో ముడిపడాలి. కనీసం ఈ మూడు చోట్ల పని ఆపి చూపించాలని అనుమతి పత్రంలోనే రాయండి:

1. పైకప్పు ఇన్సులేషన్ పరిచాక, స్క్రీడ్ వేయకముందు. స్కేలు పెట్టి మందం కనపడేలా ఫొటో, షీట్ల మధ్య ఖాళీలు లేకుండా ఉన్నట్టు ఇంకో ఫొటో.
2. గాజు సైటులో దిగినప్పుడు. స్టిక్కర్ ఫొటో, డెలివరీ చలాను, టెస్ట్ సర్టిఫికెట్ మూడూ కలిపి. చలానులో ఉన్న గాజు కోడు, సర్టిఫికెట్‌లో కోడు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి.
3. ఫాల్స్ సీలింగ్ మూసేముందు. డక్టులు, చిల్డ్ వాటర్ పైపుల ఇన్సులేషన్, ముఖ్యంగా వాల్వుల దగ్గర, బెండుల దగ్గర. అక్కడే వదిలేస్తారు, అక్కడే నీళ్లు కారతాయి.

ఫొటోలకి తేదీ, లొకేషన్ ఉండాలి. వాట్సాప్‌లో పంపితే ఆ వివరాలు పోతాయి, కాబట్టి నేరుగా పోర్టల్‌లో ఎక్కించే యాప్ ఉంటే మంచిది.

ఇంకొకటి. కోడ్ అంకెలు బీఓక్యూలో (పనుల, పరిమాణాల పట్టికలో), టెండర్‌లో ఉన్నాయా లేదా చూడండి. మేస్త్రికి ఈసీబీసీ తెలియాల్సిన పనిలేదు, కానీ అతని చేతిలో ఉన్న కాగితంలో "80 మి.మీ. ఎక్స్‌పీఎస్, ఉష్ణవాహకత 0.030 మించకూడదు" అని ఉండాలి. "తగిన ఇన్సులేషన్" అని రాస్తే చవకైనదే తగినది అవుతుంది.

## 8. ఓసీ గేటు

ఇక్కడికి ఫైలు వచ్చేసరికి ఉండాల్సినవి:

- డిజైన్ దశ ధ్రువపత్రం, మార్పులుంటే సవరించిన లెక్క
- పైన చెప్పిన మూడు దశల ఫొటోలు, చలాన్లు
- చిల్లర్లు, పంపులు, ఏసీ యూనిట్ల నేమ్‌ప్లేట్ ఫొటోలు
- ఏసీ వ్యవస్థ నడిపి చూసిన రిపోర్టు
- ఏసీకి, లైటింగ్‌కి విడి మీటర్లు పెట్టినట్టు రుజువు
- సోలార్‌కి పైకప్పు మీద వదిలిన చోటు డ్రాయింగ్‌లో, ఫొటోలో

మీటర్ల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, కోడ్ నిజంగా పనిచేసిందా అని ఏడాది తర్వాత తేల్చేది అదే. ఏడాది కరెంటు వాడకాన్ని విస్తీర్ణంతో భాగిస్తే చదరపు మీటరుకి ఎన్ని యూనిట్లో తెలుస్తుంది. అధీకృత సంస్థ డిస్కంతో మాట్లాడుకుని, కోడ్ ధ్రువపత్రం ఉన్న సర్వీసు నంబర్ల బిల్లులు నేరుగా తెప్పించుకుంటే ఎవర్నీ బతిమాలక్కర్లేదు. ఏ అసెసర్ పాస్ చేసిన భవనాలు లెక్క కంటే ఎక్కువ తాగుతున్నాయో కూడా అప్పుడే బయటపడుతుంది.

## 9. ఇళ్ల లెక్క వేరు

అపార్టుమెంట్లకు ఆఫీసు అంకెలు పెట్టకండి. ఎకో నివాస్ సంహితలో పైకప్పు యూ విలువ 1.2 దాటకపోతే చాలు. పై లెక్కలోని స్లాబ్ మీదే 25 మి.మీ. ఎక్స్‌పీఎస్ వేస్తే 0.81 వస్తుంది, హాయిగా పాస్. గోడలు, కిటికీలు కలిపి లోపలికొచ్చే వేడికి ఆర్‌ఈటీవీ అనే ఒక్క అంకె ఉంది, శీతల మండలం తప్ప మిగతాచోట్ల చదరపు మీటరుకి 15 వాట్లు దాటకూడదు. తొమ్మిదంగుళాల ఎర్ర ఇటుక గోడ బదులు ఏఏసీ (తేలికపాటి కాంక్రీటు) బ్లాకులు వాడి, పడమటి కిటికీలకు సజ్జలు పెడితే మామూలు అపార్టుమెంటు పెద్ద కష్టపడకుండానే దీని కిందకు వస్తుంది.

ఎదురుదెబ్బ తగిలేది గాలి దగ్గర. తెరుచుకునే కిటికీల విస్తీర్ణం కార్పెట్ ఏరియాలో మిశ్రమ మండలంలో 12.5%, వేడి-తేమలో 16.66% ఉండాలి. అంటే వంద చదరపు మీటర్ల ఫ్లాటుకి హైదరాబాద్‌లో 12.5 చదరపు మీటర్లు, విజయవాడలో 16.66. బాల్కనీ తలుపులు కూడా ఇందులోకి వస్తాయి.

ఇప్పుడు అందరూ వేస్తున్నది యూపీవీసీ స్లైడింగ్. రెండు పలకల స్లైడింగ్ కిటికీ ఎంత పెద్దదైనా తెరుచుకునేది సగమే, లెక్కలోకీ సగమే వస్తుంది. విజయవాడలో అన్నీ స్లైడింగే పెడితే ఆ 16.66 కోసం 33 చదరపు మీటర్లకు పైగా కిటికీ కావాలి. రెక్కలుగా తెరుచుకునే కిటికీకి 90% లెక్క ఇస్తారు. కాబట్టి బెడ్‌రూముల్లో రెక్క కిటికీలు, హాల్లో స్లైడింగ్ అని కలిపి పెట్టుకుంటే బిల్డర్‌కీ గొడవ లేదు.

## 10. తరచూ ఎదురయ్యే చిక్కులు, విరుగుడు

"సామగ్రి దొరకడం లేదు." కొన్నిసార్లు నిజమే, చిన్న ఊళ్లలో ముఖ్యంగా. టెస్ట్ సర్టిఫికెట్ ఉన్న గాజు, ఇన్సులేషన్, చలువ పెయింట్ల జాబితాను అధీకృత సంస్థ వెబ్‌సైట్‌లో పెట్టి తరచూ అప్‌డేట్ చేయాలి. కంపెనీ బ్రోచర్‌లో అంకెను మాత్రం ఒప్పుకోవద్దు, గుర్తింపు ఉన్న ల్యాబ్ రిపోర్టే కావాలి.

భవనాన్ని ముక్కలు చేసి చూపించడం. 3,600 చదరపు మీటర్లను 1,800 చొప్పున రెండు బ్లాకులుగా దాఖలు చేస్తారు. నిబంధనలో "ఒకే స్థలంలో ఉన్న మొత్తం విస్తీర్ణం" అని రాస్తే పోతుంది.

ఖాళీ గదులతో అప్పగించడం. ఐటీ ఆఫీసుల్లో లైట్లు, ఏసీ డక్టులు అద్దెకొచ్చినవాళ్లే పెట్టుకుంటారు, అప్పటికి ఓసీ వచ్చేసి ఉంటుంది. అద్దె ఒప్పందానికి జత చేసే పత్రంలో వాట్ల పరిమితి రాయించమని ఓసీ షరతుగా పెట్టండి.

ప్రభుత్వ భవనాలకే పట్టింపు లేకపోవడం. దీని మీద నాకు కోపం ఎక్కువ. కలెక్టరేట్‌కి లేని నిబంధన కాంప్లెక్స్‌కి ఎందుకని బిల్డర్ అడిగితే ఏం చెప్తాం? నిజానికి మొదట చేయవలసింది ప్రభుత్వ భవనాలతోనే, టెండర్ మన చేతిలోదే కాబట్టి. కొత్త పద్ధతులూ, ఫారాలూ, అసెసర్లూ అన్నిటినీ వాటి మీద పరీక్షించుకోవచ్చు.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టడం. తేలిగ్గా తనిఖీ చేయగలిగేది ముందు పెట్టుకోండి. తెలంగాణ 2023లో చలువ పైకప్పు విధానం విడిగా తెచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలన్నిటికీ, 600 చదరపు గజాలూ ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకూ తప్పనిసరి చేసింది. కప్పు తెల్లగా ఉందో లేదో మేడెక్కి చూస్తే తెలుస్తుంది కదా. సిబ్బందికి అలవాటయ్యాక మిగతావి కలపవచ్చు.

## 11. ఏ వరసలో?

రాష్ట్రం మొదటి నుంచీ మొదలుపెడుతుంటే నేనైతే ఇలా చేస్తాను.

1. ఇంధన, మున్సిపల్ శాఖలు రెండూ కూర్చుని ఒకే ముసాయిదా. విడివిడిగా రాసుకుంటే కలపడానికే ఏడాది పడుతుంది.
2. ముసాయిదా మీద అభ్యంతరాల గడువు నడుస్తుండగానే అసెసర్ల శిక్షణ, పరీక్ష. జీవో వచ్చాక మొదలుపెడితే, అసెసర్లు లేక ఫైళ్లు ఆగి, జీవోనే వాయిదా వేయమంటారు.
3. ఆన్‌లైన్ అనుమతుల పోర్టల్‌లో మార్పులు. విడి వెబ్‌సైట్ పెట్టొద్దు, ఉన్నదాంట్లోనే ఒక ట్యాబ్ కలపండి.
4. ఒక పెద్ద నగరంలో, ప్రభుత్వ భవనాలతో పాటు స్వచ్ఛందంగా వచ్చే కొన్ని ప్రైవేటు భవనాలతో ట్రయల్. అక్కడ ఫారాల్లో దొరికిన తప్పులు సరిదిద్దాలి.
5. పెద్ద వాణిజ్య భవనాలకు తప్పనిసరి. మొదట డిజైన్ గేటు. ఆ భవనాలే ఓసీకి వచ్చే నాటికి రెండో గేటు సిద్ధంగా ఉండాలి. దీనికి రెండు మూడేళ్ల టైం దొరుకుతుంది, చాలామంది దాన్ని వృథా చేస్తారు.
6. తర్వాత చిన్న వాణిజ్య భవనాలు, అపార్టుమెంట్లు.
7. మొదటి భవనాల ఏడాది బిల్లులు చేతికొచ్చాక వాటిని అసెసర్ల లెక్కలతో పోల్చడం, తేడా ఎక్కువున్న ఫైళ్లు తిరిగి తెరవడం.

అసెసర్ ఫీజుకి గరిష్ఠ పరిమితి మూడో దశలోనే ప్రకటించేయండి. అది తేలకుండా ఐదో దశకి వెళ్తే, ఒక్కో ఊళ్లో ఒక్కో రేటు పలికి, మొదటి వినతిపత్రం దాని మీదే వస్తుంది.